పరుల తాతలు త్రాగిన నేయి

"మా తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడుడు" అని మనలో నొక సామెత గలదు. పూర్వుల గొప్ప చెప్పుకొని తాము చేతులు ముడుచుకొని కూర్చున్నవారిని పరిహసించుటకు పెద్దలు దానిని కల్పించిరి. ఆ సామెతలోని మనుష్యుడు సోమరియే కావచ్చును గాని, వానియందొక్క గుణము గలదు. వాడు చెప్పుకొన్నది తన తాతను గూర్చియే. నేడు మన పట్టణములలో ప్రబలుచున్న క్రొత్త ఆచారమునకు ఆ గుణము సైతము లేదు. పరుల తాతలు త్రాగిన నేతిజాడీలను వెలయిచ్చి కొని, హాలులో గాజుబీరువాయందుంచి, దానిపై దీపపు వెలుగు ప్రసరింపజేసి, వచ్చిన యతిథికి మూతి చూపుచున్నారు.

హైదరాబాదునగాని, విజయవాడనుగాని, విశాఖపట్టణమునగాని క్రొత్తగా గృహప్రవేశము జరిగిన మేడలోనికి పోయి చూడుడు. ఏ పల్లెలోనో మండువా లోగిలికి సింహద్వారమై నిలిచిన తలుపులజత యిచ్చట గోడ కానించబడి యున్నది. దానిగుండ వచ్చువాడు లేడు, పోవువాడు లేడు. నూరుమంది పెండ్లివారికి నీరు కాచిన గంగాళములో వాడని కాగితపుపువ్వులు నిలిచియున్నవి. తిరగలిరాయిమీద గాజుపలక వైచి కాఫీకప్పు లుంచుచున్నారు. కూతును అత్తవారింటికి పంపునపుడు సారె పెట్టి పంపిన కావడిపెట్టె చెప్పులపెట్టె యైనది. ఒక మూల గ్రామఫోను గలదు. దాని కొమ్ము మిలమిల మెరయుచున్నది గాని పాడదు. పాత ముద్రవేసి క్రొత్తరేకుతో కూర్చి అమ్మెడి నకళ్లు విపణిలో కోకొల్లలు. గోడమీద తాటాకు పుస్తకమొకటి విసనకఱ్ఱవలె విప్పి మేకులు కొట్టబడి యున్నది. అందేమి వ్రాసియున్నదో యింటివానికి తెలియదు. తెలిసికొనవలెనను తలంపును లేదు. అన్నిటికంటె నున్నతస్థానమున, చెప్పులతో తిరుగాడు హాలులో, ఏ యూరి యుత్సవమూర్తియో నిలుచున్నాడు.

దీనికి "అభిరుచి" యని పేరు.

నేను దీనిని గూర్చి వ్రాయుటకు నాకు హక్కు గలదా యని మొదట నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. పండ్రెండేండ్ల క్రిందట మా తాతగారి గ్రామములోని యిల్లు పంపకములకు వచ్చినది. వృత్తిచేత న్యాయవాదిని గనుక విభాగపత్రము వ్రాసినవాడను నేనే. భూమిని సెంటుతో సహా, సరిహద్దులతో సహా వివరించితిని. కొబ్బరిచెట్ల సంఖ్య వేసితిని. ఇంటిలోని సమస్తవస్తుజాలమునకు మాత్రము ఒక్క పంక్తి చాలినది: "పాత కలప, పాత ఇత్తడి, పాత కాగితములు, ఉమ్మడిగా అమ్మి సొమ్ము సమముగా పంచుకొనవలయును." లారీతో దళారి వచ్చినాడు. నోట్లు లెక్కించి యిచ్చినాడు. తలుపులు ఊడదీయుచుండగా మా మేనత్త గుమ్మమువద్ద నిలుచుండి, "గడపైనా ఉంచండర్రా, నా పెండ్లికి పసుపు రాసిన గడప" అన్నది. "అత్తయ్యా, ఇల్లు లేనిదే గడప ఎక్కడ పెట్టుకొంటావు?" అని నేను నవ్వితిని. నా వాదము తర్కమునకు నిలుచునదే. ఆమె మారుపలుకలేదు.

గత సంవత్సరము ఒక కక్షిదారుని యింటికి కాగితములమీద సంతకములకై పోవలసివచ్చినది. ఆయన హాలులో నా తలుపు నిలుచున్నది. పొరపాటునకు తావులేదు. ద్వారబంధమునకు కుడిప్రక్కను, మొలయెత్తునుండి పైకి, మా తండ్రిగారును పినతండ్రులును చిన్ననాట తమ యెత్తులు కొలిచి మేకుతో గీసికొన్న గీతలు గలవు. పాలిషుక్రింద అవి యింకను కనబడుచున్నవి. "మూడు వందల యేండ్లనాటిదండీ లాయరుగారూ, జమీందారుగారి కోట తలుపు" అని ఆయన సగర్వముగా చెప్పినాడు. మా ముత్తాత జమీందారు కాడు, గ్రామకరణము. ఆ యిల్లు కట్టి నిండ నూరేండ్లయిన కాలేదు. నేను నోరు విప్పలేదు. అమ్మినవాడను నేను గదా! కావున ఈ నేరమున కొనినవానిది సగము, అమ్మినవానిది సగము. నా సగమును ముందుగా నొప్పుకొని తరువాతి మాట చెప్పుచున్నాను.

పాతవస్తువులను ప్రేమించుట తప్పని నేననుట లేదు. తాతనాటి మంచముమీద పండుకొనువాడు, అవ్వనాటి మరచెంబుతో నీరు త్రాగువాడు, సంతలో పాతకుర్చీ కొని బాగుచేయించి దానిమీద కూర్చుండి చదువుకొనువాడు మితవ్యయపరుడు, ధన్యుడు. వస్తువునకు మూడంగములు గలవు: పని, పేరు, చోటు. గంగాళము చేయు పని యొకటి. అది ఎవరి పెండ్లికి ఎవరు పోయించినదను పేరొకటి. అది నిలిచిన పెరడొకటి. దానిని మరల వాడుకొనువాడు చోటు మార్చినను పనిని నిలుపుచున్నాడు. దాని కథ తెలిసి దాచుకొనువాడు పని పోయినను పేరు నిలుపుచున్నాడు. మూడింటిని ద్రుంచి, కేవలము దాని తుప్పును, చిలుమును వెలగట్టి కొనువాడు నిలుపుచున్న దేమి? వాడు కొన్నది ప్రాచీనత కాదు, ప్రాచీనతయొక్క పైపూత. పైపూతకు గిరాకి పెరిగినందుననే క్రొత్తవిగ్రహములను మన్నులో పాతిపెట్టి చిలుము పట్టించు విద్యయు, క్రొత్తకలపకు పొగపెట్టి వయస్సు తెప్పించు విద్యయు పెంపొందినవి. మోసగాడు కొనువాని యజ్ఞానమునకు తగిన సరుకు నందించుచున్నాడు, అంతే.

ఈ యాచారము మనకెక్కడిది? ఒక్క నిదర్శనము చాలును. పద్దెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతిలో క్రొత్తపట్టణము కట్టించుచుండగా, రాతికై త్రవ్విన దిబ్బలో మహాచైత్యపు శిల్పఫలకములు బయల్పడినవి. అవి యేమో యెఱుగని పనివారు కొన్నిటిని మెట్లకును గోడలకును వాడిరి. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచినాడు. సుమారు 1830లో మచిలీపట్టణమున కంపెనీ యధికారియైన రాబర్ట్‌సను అను దొర, తాను కట్టించిన క్రొత్త అంగడివీథికి శోభగా నుండునని, అమరావతినుండి ఫలకములు తెప్పించి యొక దిబ్బమీద అమర్పించినాడు. బుద్ధుని పాదములకు మ్రొక్కుచున్న భక్తుల శిల్పములు కూరగాయల బేరమునకు తెరలైనవి. పిమ్మట 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన ఫలకములు చెన్నపట్టణమున ఎండకు వానకు చాలకాలము పడియుండి, 1859లో ఓడనెక్కి లండను చేరినవి. అచ్చట కొంతకాలము గుఱ్ఱపుబండ్ల కొట్టములో నుండి, 1880లో బ్రిటిషు మ్యూజియమున ప్రవేశించినవి.

ఈ కథ చెప్పునపుడు మనవారికి రక్తముడుకును. ఉడుకవలసినదే. కాని నిదానించి చూడుడు. రాబర్ట్‌సను చేసినదేమి? ఒక వస్తువు అందముగా నున్నదనియు, పాతదనియు, తనకు అందుబాటులో నున్నదనియు గ్రహించి, దాని చోటునుండి పెఱికి తన చోటికి అలంకారము చేసికొన్నాడు. మన మేడలలో జరుగుచున్న పని యిది కాదా? దొర చేసినచో దోపిడి, మనము చేసినచో అభిరుచియా? దిబ్బ చిన్నదైనంతమాత్రమున, దానికి పైకప్పు ఉన్నంతమాత్రమున, చేత మారదు.

ఇక దేవుని మాట. వాస్తవముగా ఇది న్యాయశాస్త్రమునకు సంబంధించిన మాట. "వెలయిచ్చి కొంటిని, నాది" యని విగ్రహము కొన్నవాడనును. 1925లో కలకత్తా మల్లికుల కుటుంబపు వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు చెప్పిన తీర్పు న్యాయవాదుల కెల్లరకు తెలియును. కులదేవతను ఒక యింటినుండి మఱియొక యింటికి తరలించుటను గూర్చి దాయాదులు పోరాడిరి. హిందువుల విగ్రహము కేవలము చరాస్తి కాదనియు, అది చట్టదృష్టిలో ఒక వ్యక్తియనియు, దాని నివాసవిషయమున దాని యిచ్ఛను సయితము న్యాయస్థానము గణింపవలయుననియు ఆ తీర్పు. వ్యక్తిని కొనుట కేది దస్తావేజు? వ్యక్తిని హాలులో నిలుపుట కేది రసీదు?

ఇది పుస్తకములలోని ముక్క యని తలంపకుడు. తమిళదేశమున పత్తూరు విశ్వనాథస్వామి యాలయపు నటరాజమూర్తి 1976లో ఒక కూలివాని పలుగునకు మన్నులోనుండి తగిలినాడు. చేతులు మారి మారి లండను చేరినాడు. 1982లో ఒక కెనడా కంపెనీ కొన్నది. పోలీసులు పట్టుకొన్నారు. ఇంగ్లండు హైకోర్టు 1988లోను, అప్పీలు కోర్టు 1991లోను, శిథిలమైన ఆ గుడికి ఇంగ్లండులో దావా వేసి తన దేవుని తాను తెచ్చుకొనుటకు హక్కు గలదని ఒప్పుకొన్నవి. గోడలు కూలి పూజలు లేక పడియున్న గుడి, సముద్రము దాటి, కోటీశ్వరుల కంపెనీపై గెలిచినది! గెలిచినది రాయి కాదు. ఆ మూర్తికి చోటు గలదను సత్యము గెలిచినది. మన తెలుగుదేశపు చందవరము బౌద్ధక్షేత్రమునుండి పోయిన శిల్పఫలకమును ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో కొని, 2016లో మనకు తిరిగి యప్పగించినది. దూరదేశపు చిత్రశాల సిగ్గుపడి తెచ్చి యిచ్చుచుండగా, మన వీథిలోని మేడ సిగ్గుపడకుండుట యెట్లు?

చట్టమును మనవారు చేసికొనకపోలేదు. 1972లో పురావస్తువులు, కళానిధుల చట్టము వచ్చి 1976లో అమలైనది. నూరేండ్లకు తక్కువకాని శిల్పము, చిత్రము, పనితనముగల వస్తువు పురావస్తువు. విలువగల వ్రాతప్రతికి డెబ్బదియైదేండ్లు చాలును. వానిని దేశముదాటించు అధికారము ప్రభుత్వమునకే గలదు. వర్తకునకు లైసెన్సు ఉండవలయును. ప్రభుత్వము ప్రకటించిన తరగతుల శిల్పములను, చిత్రములను దగ్గఱ నుంచుకొన్నవాడు నమోదు చేయించుకొనవలయును. మన మేడలయందలి మూర్తులలో ఎన్నిటికి నమోదు పత్రము గలదో గృహస్థులే తమ గుండెమీద చేయి వైచుకొని చెప్పవలయును. పాతసామాను వర్తకుడు "మీకేమీ భయము లేదండీ, ఇది ఇంటిలో పూజించుకొన్నదే" యనును. ఎవరి యింటిలో? ఆ యింటిపేరేమి? ఈ రెండు ప్రశ్న లడుగుడు. వర్తకుని ముఖము మాఱును.

ఇచ్చట ప్రతివాది లేచి నిలుచును. "అయ్యా, మేము కొనకున్నచో ఈ వస్తువులన్నియు కొలిమిలో కరగిపోవును, పొయ్యిలో కాలిపోవును. మేము రక్షకులము" అని. ఈ వాదములో సత్యము లేకపోలేదు. ఇత్తడిని కిలోలెక్కన తూచి కరగించుట నేను కన్నులార చూచితిని. నా దస్తావేజులోని ఇత్తడి గతియు అదియే కావచ్చును. కాని రక్షకునకు కొన్ని లక్షణములు గలవు. నీట మునుగుచున్నవానిని బయటికి లాగినవాడు వాని పేరడుగును, ఊరడుగును, ఇంటికి కబురు పంపును. తన హాలులో నిలుపుకొని చుట్టములకు చూపడు. మీరు రక్షించిన గంగాళమెవరిదో మీకు తెలియునా? ఆ తాటాకులు చదువగలవానిచేత ఎన్నడైన చదివించితిరా? తిరుమలగుడిలోని సంకీర్తనభాండారమున శతాబ్దములు మూతపడియున్న తాళ్లపాకవారి రాగిరేకులు ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున వెలికివచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు వానిని పరిష్కరించిరి. అన్నమాచార్యుడు తెలుగువారి నోట మరల పలికినాడు. ఆ రేకులు భాండారమున గాక నేటి అభిరుచిపరుల చేతబడి యుండినచో? ఒక్కొక్క రేకునకు ఒక్కొక్క పటము కట్టి, ఒక్కొక్క మేడలో వ్రేలాడదీసియుందురు. లోహము రక్షింపబడియుండును; పాట చచ్చియుండును.

మఱియొకరు సాలారుజంగును సాక్ష్యముగా పిలుతురు. ఆయన జీవితమంతయు దేశదేశముల వస్తువులు ప్రోగుచేసినమాట నిజము. కాని 1949లో ఆయన గతించిన పిమ్మట ఆ సేకరణ యేమైనది? 1951లో దివాన్‌దేవిడీ తలుపులు జనులకు తెరువబడినవి. నేడు కూలివాని పిల్లవాడు సయితము టిక్కెట్టు కొని ముసుగుసుందరి విగ్రహము ముందు నిలిచి నోరు తెఱచి చూడగలుగుచున్నాడు. ప్రోగుచేయుటకు ఆ తెఱచిన తలుపే ప్రాయశ్చిత్తము. మూసిన హాలునకు ఆ సాక్ష్యము పనికిరాదు.

పాతబడిన వస్తువును గౌరవించుట యెట్లో మన జనులకు తెలియకనా? తెలంగాణమున చేర్యాల నకాషీలు వ్రాసిన పటములను విప్పుచు కూనపులివారు, కాకిపడగలవారు మున్నగువారు కులపురాణములు పాడెడివారు. గజములకొలది పొడవైన ఆ పటము జీర్ణించినపుడు, క్రొత్తపటము వ్రాయించుకొని, పాతదానిని మనుష్యునకు చేసినట్లు సంస్కారము చేసి నదిలో విడుచుట వారి యాచారము. వస్తువునకు పుట్టుక గలదు, బ్రదుకు గలదు, మరణము గలదు. పాతది పోయినపుడు క్రొత్తది వ్రాయుటకు చేయి యుండవలయునన్నది వారి తత్త్వము. మనము పాతపటమును అద్దములో బిగించితిమి, పాటగానికి పొట్టకూడు లేకుండ చేసితిమి. తోలుబొమ్మ దీపముముందాడిన దేవత. నేడు దానినే దీపముచుట్టు చుట్టి గొడుగు చేసితిమి. ఇట్టి గొడుగులైన చేసియే నిమ్మలకుంట కళాకారులు బ్రదుకుచున్నారు గనుక వారిని నిందింపను. ఆట చూడ నెవ్వడును పిలువనందున వారికీ గతి పట్టినది.

రాబర్ట్‌సను దిబ్బ పెట్టిన మచిలీపట్టణముననే 1910లో కోపల్లె హనుమంతరావుగారును, వారి మిత్రులును ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. అందు చదువుతోపాటు చేతిపనులు నేర్పిరి. ఒకే యూరిలో రెండు మార్గములు: ఒకటి చచ్చిన చేతులు చెక్కినదానిని తెచ్చి అంగడికి అలంకరించుట, రెండవది బ్రదికియున్న చేతులకు పని నేర్పుట. మొదటిది దొరమార్గము, రెండవది స్వదేశిమార్గము. మీ యిల్లు ఏ మార్గమున నున్నదో చూచుకొనుడు. ఒక పాతగుమ్మమునకు లక్షలు పోయుచున్న గృహస్థు, తన క్రొత్త గుమ్మమును చెక్కుమని యేటికొప్పాక వానినో, కొండపల్లి వానినో, తన యూరి వడ్రంగినో పిలిచి అడిగినాడా? పెంబర్తిలోను బుడితిలోను ఇత్తడిపనివాండ్రు నేటికిని సుత్తె పట్టుకొని కూర్చున్నారు. తాతగారి బిందె కొనుటకంటె మనుమడు చేసిన బిందె కొనుట మేలు. దానియందు నీ పేరు వేయించుము. నూరేండ్లకు అదియే ప్రాచీనమగును, అపుడు దానికి కథయు నుండును.

కావున పఠనమందిరములలో ఈ పత్రిక చదువు సోదరులకు నా మనవి యిది. మీ యిండ్లు పంపకములకు వచ్చినపుడు, "పాత సామాను" అను ఒక్కపంక్తి దస్తావేజులో వ్రాయనీయకుడు. వ్రాయువాడు నావంటి న్యాయవాదియైనచో వాని కలము పట్టుకొనుడు. ప్రతివస్తువునకు పేరు వ్రాయించుడు. వృద్ధులైన ఆడువారి నడిగి వ్రాయించుడు, వారికే తెలియును. తాటాకులను, వ్రాతప్రతులను గోడకు కొట్టక, చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమువంటి సంస్థకో, తిరుపతి ప్రాచ్యపరిశోధన సంస్థకో అప్పగించుడు. దేవుని కొనకుడు. కొనియున్నచో, ఏ గుడివాడో విచారించి తిరిగి పంపుడు. తెలియనిచో పురావస్తుశాఖవారి కెఱుక పఱచుడు. వాడుకొనగల పాతవస్తువును వాడుకొనుడు. ఊరికే చూచుకొనుటకు మాత్రము కొనకుడు.

గతమాసమున నేను ఆ కక్షిదారునొద్దకు మరల పోయి నిజము చెప్పితిని. గీతలు చూపితిని. ఏ గీత మా తండ్రిగారిదో, ఏది చిన్నాన్నగారిదో చెప్పితిని. ఆయన చాలసేపు ఆ గీతలవంక చూచినాడు. పిదప, "అయితే కోటది కాదన్నమాట" అన్నాడు. మరి కొంతసేపటికి, తాను కొన్న వెలకే నాకు ఇచ్చెదనన్నాడు. ఆ వెల నేను అమ్మినదానికి ముప్పదిరెట్లు. మా గ్రామమున గ్రంథాలయమునకు క్రొత్తగది కట్టుచున్నారు. దానికి ఇంకను గుమ్మము పెట్టలేదు. బేరము తెగలేదు. తెగినను తెగకున్నను, మా మేనత్త మాత్రము ఆ గడపకు పసుపు రాయుటకు నేడు లేదు.